సదరు ఉద్యోగి మత విషయమై

ఫిబ్రవరి 10, సోమవారం

ఈ రోజు తపాలాలో పదకొండు కాగితాలు వచ్చాయి. పదింటిలో విశేషం లేదు. పదకొండవది నా గురించి.

సంతకం లేని ఉత్తరం. ‘బోధన్ నీటిపారుదల ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుగా పనిచేయుచున్న దేవిదాస్ అనువాడు హిందూ ఎస్.సి. అని సర్టిఫికెట్టు చూపి ఉద్యోగము పొంది, ఆదివారములు నిజామాబాద్ పోయి చర్చిలో దేవదాసు అను పేరున పాటలు పాడుచున్నాడు. తగు చర్య తీసుకొనగలరు.’

పాటలు పాడుతున్నాననడం శుద్ధ అబద్ధం. నాకు గొంతు లేదు. పెదవులు మాత్రమే కదుపుతాను. మిగతాదంతా సరిగానే ఉంది.

తపాలా సెక్షను నాది. ఆకాశరామన్న ఉత్తరమైనా సరే, వచ్చిన కాగితానికి నంబరు వేసి పైకి పెట్టడం నిబంధన. వేశాను: 214. సూపరింటెండెంట్ పరమేశ్వర్ చదివి, లేచి వెళ్ళి తలుపు వేసి వచ్చాడు.

“దేవిదాసన్నా, దీన్ని సింపి పారేస్తే అయిపోవు గద. నంబర్ ఎందుకేసినవే?”

“వచ్చిన కాయిదం గద సార్.”

“ఇగ అది ఆర్డీవో ఆఫీసుకు పోవాలె. నిన్ను నువ్వే పట్టిచ్చుకున్నవు పో.”

దానిని పంపే కవరింగు లెటరు కూడా నేనే తయారు చేశాను. ‘సదరు ఉద్యోగి’ అన్న మాట నాలుగుసార్లు వాడాను. పరమేశ్వర్ ఒక్క తప్పు కూడా దిద్దలేదు.

ఫిబ్రవరి 11, మంగళవారం

ప్రతి ఫైలులోనూ ‘పూర్వాపరాలు’ అనే పేరా ఉండాలి. ఇది నా సొంత ఫైలు కనుక ఇక్కడ రాసుకుంటున్నాను.

సదరు ఉద్యోగికి తొమ్మిదేళ్ళ వయసులో అతని తల్లిదండ్రులు, చెరుకు కొట్టే కూలీలు, బాప్తిస్మం తీసుకున్నారు. చర్చి సంఘం రిజిస్టరులో అతని పేరు దేవదాసు అని రాశారు. అంతకు ముందే బడి రిజిస్టరులో సారు దేవిదాస్ అని రాసి ఉన్నారు. మతం హిందూ, కులం ఎస్.సి. రెండు పేర్లకూ అసలు తేడా ఒక్క అక్షరం కూడా కాదు, ‘వ’ మీద ఒక గుడి. బడిలో గుడి ఉంది, చర్చిలో గుడి లేదు. నా ఇరవై ఆరేళ్ళ సర్వీసు ఆ గుడి మీద నిలబడి ఉంది.

మా వాళ్ళు క్రీస్తును నమ్మినట్టు కాగితం మీద ఒప్పుకుంటే ఎస్.సి. కాకుండా పోతారు. కులం ఎక్కడికీ పోదు; కాగితం ఒక్కటే పోతుంది. బాప్తిస్మం తీసుకున్న మరునాడు కూడా మా ఊరి హోటలులో నాన్నకు బయట పెట్టిన గ్లాసులోనే చాయ పోశారు. ఆ గ్లాసుకు ఈ నిబంధన తెలిసినట్టు లేదు.

ముందుజాగ్రత్త చర్యగా సదరు ఉద్యోగి బోధన్‌లో చర్చి గడప తొక్కడు. కూరగాయల సంచి పట్టుకుని బస్సులో నిజామాబాద్ వెళతాడు. బైబిలుకు పంచాంగం అట్ట వేశాడు. దీనిని కొందరు భయం అనవచ్చు. నేను పరిపాలనా సౌలభ్యం అంటాను.

ఫిబ్రవరి 13, గురువారం

నా భార్య సవితకు చెప్పాను. ఆమె పప్పు కడుగుతోంది. కడగడం ఆపలేదు.

“నౌకరి పోతదా?”

“సర్టిఫికెట్టు రద్దయితే పోతది.”

“వర్ష సీటు?”

డిచ్‌పల్లి యూనివర్సిటీలో మా అమ్మాయి సీటు కూడా నా సర్టిఫికెట్టు వెనుకనే నడిచి వెళ్ళింది. ఆ మాట నేను చెప్పవలసిన అవసరం లేకపోయింది.

“కాదని రాసియ్యి,” అంది సవిత. “దేవునికి నీ కడుపుల ఉన్నది ఎర్కనే గద. కాయిదం సర్కారుకు, కడుపు దేవునికి.”

ఇన్నేళ్ళుగా నేను అనుసరిస్తున్న విధానాన్ని ఇంత క్లుప్తంగా నేను కూడా ఎన్నడూ చెప్పలేదు. అవ్వకు, అంటే మా అమ్మకు, ఏమీ తెలియకూడదని ఇద్దరం నిర్ణయించాం. కిడ్నీలు రెండూ పోయాయి, నెలో నెలన్నరో అని డాక్టరు చెప్పి ఇప్పటికి మూడు వారాలు.

ఫిబ్రవరి 16, ఆదివారం

చర్చికి వెళ్ళలేదు. కూరగాయలకు మాత్రం వెళ్ళాను. వంకాయలు బాగున్నాయి.

ఫిబ్రవరి 18, మంగళవారం

గురువారం గిర్దావర్, అంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టరు, ఇంటికి వచ్చి విచారిస్తాడని తెలిసింది. అవ్వ మంచానికి ఎదురుగా ఉన్న బైబిలు వాక్యం బోర్డును తీసివేశాను. ముప్పై ఏళ్ళ బోర్డు. దాని కింద గోడ తెల్లగా మిగిలింది. అంత తెల్లని చోటు కనబడితే, ఇక్కడ ఏముండేదని ఏ గిర్దావరైనా అడుగుతాడు. అందువల్ల దాని మీద మా శాఖ కాలువల మ్యాపు తగిలించాను. సరిగ్గా పట్టింది.

“దాసూ,” అంది అవ్వ, “బోర్డు ఏమాయె?”

“సున్నం ఏస్తరవ్వా.”

“మరి గిదేంది?”

“నీళ్ళు ఏడికెళ్ళి ఏడికి పోతయో అది.”

అవ్వ చాలాసేపు ఆ కాలువలనే చూస్తూ పడుకుంది.

ఫిబ్రవరి 20, గురువారం

ఉదయం 11.20కి గిర్దావర్ ప్రశాంత్ వచ్చాడు. కుర్రవాడు, మర్యాదస్తుడు. చెప్పులు బయట విడిచాడు. గోడలు చూశాడు, మ్యాపు చూసి ‘ఇంట్ల గూడ డ్యూటీయేనా అన్నా’ అని నవ్వాడు. పక్కింటి వాళ్ళు ఏమీ తెలియదన్నారు. చివరగా అవ్వ మంచం దగ్గర కూర్చున్నాడు. జరిగినది జరిగినట్టు నమోదు చేస్తున్నాను.

“అవ్వా, పాణం ఎట్లుంది?”

“ఉన్న బిడ్డా.”

“నువ్వు నడిచే కాలంల గుడికి పోతుంటివా?”

ఇక్కడ ఒక వివరణ అవసరం. మా ఇంట్లో గుడి అంటే చర్చి. నలభై ఏళ్ళుగా అవ్వ నోట ఆ మాటకు వేరే అర్థం లేదు. గిర్దావర్ అడిగింది మాత్రం అసలు గుడి గురించి. ముసలమ్మ ‘పోతుంటి’ అంటే అదే రాసుకుని నన్ను గట్టెక్కించాలని, మంచి మనసుతోనే అడిగాడు.

అవ్వ నా వైపు చూసింది.

“లేదు బిడ్డా.”

“ఒక్కసారన్న పోలేదా?”

“ఏ గుడికి పోలే. నాకు గుడి లేదు.”

“పోనీ, దేవున్నన్న మొక్కుతవా?”

“నాకు ఏ దేవుడు ఎర్కలేదు.”

గిర్దావర్ కలం ఆగింది. తరువాత అదే రాసుకున్నాడు. అవ్వ వేలిముద్ర వేసింది. గేటు దగ్గర నాతో అన్నాడు: “గదేందన్నా? జాతర పేరో, బోనాల పేరో చెప్పినా రాసుకుంటుంటి గద. ఏ గుడికి పోనోళ్ళు అంటే మా సార్లకు ఇంక అనుమానమైతది.”

సాక్షి స్వచ్ఛందంగా చెప్పినది. ఇందులో నా ప్రమేయం లేదు.

ఫిబ్రవరి 21, శుక్రవారం

అవ్వ అన్నం తినలేదు. ఎండలు ముదురుతున్నాయి.

ఫిబ్రవరి 22, శనివారం

తినలేదు. గంజి రెండు చెంచాలు. ఎండే కారణం కావచ్చు.

ఫిబ్రవరి 23, ఆదివారం

ఎండ కాదు.

పొద్దున సవిత ముద్ద కలిపి నోటి దగ్గర పెడితే అవ్వ మొహం గోడ వైపు తిప్పుకుంది. నేను వెళ్ళి కూర్చున్నాను.

“ఆయన నాకు ఎర్కలేదంటి దాసూ,” అంది. “ఇంక పది దినాలైతే పోయి ఆయన ముంగటనే నిలవడాలె. ఏం మొహం పెట్టుకొని పోవాలె?”

విషయాన్ని సాంకేతికంగా వివరించాను. గిర్దావర్ అడిగిన గుడి వేరు, అవ్వ అనుకున్న గుడి వేరు. అడిగినది హిందువుల గుడి, దేవుడి గురించి; అవ్వ ఆ గుడికి పోలేదన్నది, ఆ దేవుడు ఎరుక లేదన్నది, అది నిజం. కనుక రికార్డు ప్రకారం అవ్వ అబద్ధం ఆడలేదు, క్రీస్తును ఎరగనన్నది లేదు. ఇంత పటిష్ఠమైన వాదన నా సర్వీసులో మరొకటి తయారు చేయలేదు.

అవ్వ అంతా విన్నది.

“ఆ పిల్లగాడు ఏ గుడి అడిగిండో నాకెర్కలే బిడ్డా. నేను దేన్ని లేదన్ననో నాకెర్క.”

ఈ రోజు కూడా చర్చికి వెళ్ళలేదు.

ఫిబ్రవరి 26, బుధవారం. మహాశివరాత్రి

పరమేశ్వర్ సలహా ఇచ్చాడు: “శివరాత్రి నాడు బొట్టు పెట్టుకొని గుడికి రా అన్నా. లైన్ల నిలవడ్డట్టు ఫొటో తీస్త. ఫైల్ల పెడుదం. నీ అవ్వ చెప్పిన మాటకు అదే మందు.”

వెళ్ళాను. స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, కొబ్బరికాయ పట్టుకుని వరుసలో నిలబడ్డాను. నా ముందు ఒక పసుపు రైతు నిన్నటి నుంచి ఉపవాసం, పెదవులు ఎండిపోయి, కళ్ళు మూసుకుని ఏదో చెప్పుకుంటున్నాడు. పరమేశ్వర్ ఫోను ఎత్తాడు. దించాడు. మళ్ళీ ఎత్తాడు.

“వద్దు దేవిదాసన్నా,” అన్నాడు. “నువ్వు మొక్కుతలేవు. దొంగ ఫొటో తీసి ఫైల్ల పెడితే నీ దేవుని సంగతి ఏమో గని, నేను నా దేవున్ని మోసం చేసినట్టైతది. నేను పొద్దటి సంది పచ్చి నీళ్ళు ముట్టలే.”

నా చేతిలో కొబ్బరికాయ తీసుకుని తనే కొట్టాడు. నా పేరు మీద కాదు, అవ్వ పేరు మీద. ఇద్దరం బస్టాండు దాకా నడిచాం. ఈ చర్య ఫలితం ఇవ్వలేదని నమోదు చేస్తున్నాను. ఎందుకో సిగ్గేసిందని కూడా.

ఫిబ్రవరి 27, గురువారం

ఆర్డీవో ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. మార్చి 3, ఉదయం 11 గంటలకు విచారణకు హాజరు కావలెను. జతగా ప్రమాణ పత్రం నమూనా: ‘నేను క్రైస్తవ మతమును అవలంబించుట లేదనియు, ఎన్నడును అవలంబించి యుండలేదనియు…’ ఒకే సంతకం. వాక్యనిర్మాణం బాగానే ఉంది. ‘ఎన్నడును’ ఒక్కటే కొంచెం ఎక్కువ.

సవిత పెన్ను తెచ్చి దాని పక్కన పెట్టింది.

“ఇప్పుడే పెట్టు సంతకం. సోమవారం దాక ఆగితె నీకు ఇంకేమన్న ఆలోచన పుడ్తది.”

“అవ్వ…”

“అవ్వను నేను సూస్తలేనా? ఒళ్ళు తుడిసేది నేను, గంజి పోసేది నేను. సత్తెం చెప్పెటోనివి ఇరవై ఆరేండ్ల కింద చెప్పాలె. ఇప్పుడు నా బిడ్డ మధ్యల చదువు ఆపి ఇంటికొచ్చినంక చెప్తవా?”

ఈ ప్రశ్న న్యాయమైనది. సంతకం చేయలేదు. చేయనని కూడా అనలేదు. పరిశీలనలో ఉంచాను.

మార్చి 1, శనివారం

పాస్టరు లింబయ్య గారిని పిలిపించాను. ఈయన ఒకప్పుడు చెరుకు లారీ డ్రైవరు. బాప్తిస్మంలో అందరూ పేర్లు మార్చుకుంటే ఈయన మార్చుకోలేదు. ఎందుకని అడిగితే, “ఆయన నన్ను లింబయ్య అనే పిలిచిండు దాసన్నా. పేరు మార్చుకుంటే మళ్ళ యాడ దేవులాడుతడు?” అంటారు. నా కోరిక మేరకు బైబిలును టవలులో చుట్టుకుని, బంధువులా వచ్చారు.

ప్రభు సంస్కారం ఇవ్వడానికి రొట్టె, ద్రాక్షరసం తీశారు. అవ్వ చేతులు దుప్పట్లోకి లాక్కుంది.

“నాకు వద్దయ్యా. ఈ నోటితోని ఆయన నాకు ఎర్కలేదన్న. ఈ నోట్లె అది పెట్టకు.”

“గంగవ్వా,” అన్నారు పాస్టరు, మంచం పట్టె మీద కూర్చుంటూ, “ఆయన శిష్యులకు రొట్టె ఇరిసి ఇచ్చిండు గద, కడసారి. తెల్లారే లోపల పేతురు గూడ ‘ఆయన నాకు ఎర్కలేదు’ అంటడని ఆయనకు అప్పుడు ఎర్క లేకుండెనా?”

“ఎర్కనే ఉంటది.”

“ఎర్క ఉండే ఇచ్చిండు. అన్నంక, ఏడ్చినంక, మంచిగైనంక ఇస్త అనలే. ముందుగాలనే ఇచ్చిండు. మంచోళ్ళకే ఇయ్యాలె అంటే నేను ఈ గిన్నె కడుక్కొని ఇంటికి పోవుడే.”

అవ్వ కళ్ళు తడిశాయి కాని చేయి బయటికి రాలేదు.

“అసలు ఆ మాట అనుమని నీకు ఎవరు చెప్పిండ్రవ్వా?”

అవ్వ నా వైపు చూడలేదు. చూస్తుందేమోనని నేను గిన్నె వైపు చూశాను.

“ఎవలు చెప్పలే. నేనే అన్న.”

పాస్టరు గారు రొట్టెను మళ్ళీ గుడ్డలో చుట్టారు.

సవరణ. ఫిబ్రవరి 20 నాటి నమోదులో ‘సాక్షి స్వచ్ఛందంగా చెప్పినది, ఇందులో నా ప్రమేయం లేదు’ అని రాశాను. అది తప్పు. ఆ రోజు ఉదయం పది గంటలకు, అవ్వకు తల దువ్వుతూ, నేనే చెప్పాను: ‘ఎవరన్న వచ్చి గుడి, దేవుడు, ప్రార్థన, ఏది అడిగినా లేదు అను. ఒక్కటే మాట. లేదు.’ అవ్వ ఎందుకని అడగలేదు. రెండుసార్లు అనిపించి చూశాను. బాగా అప్పజెప్పింది. శభాష్ అన్నాను.

ఈ రోజు నన్ను కాపాడటానికి రెండో అబద్ధం ఆడింది.

మార్చి 2, ఆదివారం

ప్రమాణ పత్రం మీద సంతకం చేశాను. చించాను. ఆఫీసులో జిరాక్సు తీసి పెట్టుకున్న కాపీ ఇంకొకటి ఉంది.

మార్చి 3, సోమవారం

విచారణాధికారి మేడం ప్రమాణ పత్రాన్ని ఆ వైపు ఈ వైపు తిప్పి చూశారు.

“సంతకం మర్చిపోయారు.”

“మరువలేదు మేడం.”

ఆమె కళ్ళజోడు తీశారు. “దేవిదాస్ గారూ, సూటిగా అడుగుతున్నాను. మీరు క్రైస్తవులా?”

ఇరవై ఆరేళ్ళలో ‘పరిశీలనలో ఉన్నది’ అని నేను రాయని ఫైలు లేదు. ఆ జవాబే నోటి దాకా వచ్చింది. తరువాత మంచం మీద ఉన్న అవ్వ గుర్తొచ్చింది.

“అవును మేడం. తొమ్మిదో ఏటి నుంచి.”

“ఆలోచించుకోండి. కావాలంటే ఇంకో తేదీ ఇస్తాను.”

“వద్దు మేడం. ఇంకో మనవి ఉంది. మా అవ్వ గంగవ్వ ఇచ్చిన వాంగ్మూలం నేను నేర్పినది. దయచేసి దానిని కొట్టివేయాలి.”

వాంగ్మూలం కొట్టివేయడానికి నిబంధన లేదన్నారు. ఆ సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుసు? అయినా రెండుసార్లు అడిగాను. మూడోసారి కూడా అడిగాను. మేడం నీళ్ళ గ్లాసు ముందుకు జరిపారు. అవ్వ వాంగ్మూలం కింద నా వాంగ్మూలం చేర్చవచ్చన్నారు. చేర్చారు. పూర్తి సంతకం చేశాను.

పాపం ఒప్పుకుని విడుదల పొందినప్పుడు ఒళ్ళంతా తేలికైందని సంఘంలో ఎందరో సాక్ష్యం చెప్పగా విన్నాను. నాకు అలా ఏమీ కాలేదు. మెట్ల మీద కూర్చుండిపోయాను. రికార్డు కోసం రాస్తున్నాను.

ఇంటికి వచ్చి చెప్పాను. సవిత విని, వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది. అవ్వ మంచం దగ్గర కూర్చున్నాను.

“నేనన్న మాట తీసేసిండ్రా దాసూ?”

“తీసెయ్యరటవ్వా. అది అట్లనే ఉంటది. దాని కింద నా మాట రాసిండ్రు, నేనే నేర్పిన అని.”

“నౌకరి?”

“పోతది.”

“పిల్ల సదువు?”

“తెల్వది.”

అవ్వ సంతోషిస్తుందని అనుకున్నాను. ఏడ్చింది.

“నీ కోసమని నేను అబద్ధమాడితి. నా కోసమని నువ్వు నౌకరి పోగొట్టుకుంటివి. ఒకలనొకలం మనమే బతికిచ్చుకుంటమని సూస్తిమి. ఆయనకు ఏం పని మిగిలిచ్చినం బిడ్డా?”



మార్చి 4, మంగళవారం

తపాలా రిజిస్టరును అప్పగించి, తదుపరి ఉత్తర్వుల వరకు ఆఫీసుకు రావద్దని మెమో వచ్చింది. మెమోలో రెండు అక్షర దోషాలున్నాయి. ఇక అవి నా బాధ్యత కాదు. పరమేశ్వర్ రిజిస్టరు తీసుకుని, “ఇప్పుడు వచ్చే కాయిదాలకు నంబర్లు ఎవడేస్తడే” అన్నాడు, మొహం పక్కకు తిప్పుకుని.

వర్ష ఫోను చేసింది. సీటు ఉంటుందో ఊడుతుందో యూనివర్సిటీలో ఎవరికీ తెలియదట. “బాపూ, దాచుడు నీ ఒక్కనికే ఉండె. హాస్టల్ల నేను తలుపు తీసే ప్రార్థన చేసుకుంట,” అంది. తరువాత ఏడ్చింది. చదువు మీద దానికి ఎంత ఆశో నాకు తెలుసు.

సాయంత్రం అయిదింటికి పాస్టరు లింబయ్య గారు వచ్చారు. సవిత నాతో మాట్లాడలేదు. కాని అవ్వ వెనుక దిండ్లు సర్ది, ఆమెను లేపి కూర్చోబెట్టి, తను గడప దగ్గర నిలబడింది. నేను నేల మీద మోకాళ్ళూనాను. మా ఇంట్లో ఈ పని తలుపులు తెరిచి చేయడం ఇదే మొదలు. వీధిలో ఎవరో ఆగి చూసి వెళ్ళారు.

పాస్టరు రొట్టె విరిచి అవ్వ ముందు పట్టారు. అవ్వ దుప్పట్లో నుంచి చేయి తీసింది. తీసుకోకుండా ఆగింది.

“ముందుగాల వానికియ్యి అయ్యా,” అంది. “పొద్దటి సంది ఏం తినలే వాడు.”

ఇది ప్రభు సంస్కారానికి సంబంధించిన మాట కాదు. క్రమం ప్రకారం రోగికి మొదట ఇవ్వాలి. అయినా పాస్టరు గారు అవ్వ చెప్పిన క్రమాన్నే పాటించారు. తీసుకున్నాను. నేను మింగేవరకు అవ్వ నా నోటి వైపే చూసి, తరువాత తను నోరు తెరిచింది.